కెతూరా ఒప్పుకున్న పాపం

ఉపవాస కూడికలో లేచి తప్పు ఒప్పుకోవడమంటే కెతూరా విటిల్‌కి ప్రాణసంకటం. తప్పు చెప్పడానికి కాదు, లేవడానికి. బీవర్ వాగు గట్టుని తొలిచి, పైన కొమ్మలూ గడ్డిపెళ్ళలూ పరిచి కట్టిన ఆ మందిరంలో మామూలు మనిషి నిలబడితే తలకీ కప్పుకీ మధ్య జానెడు ఎడం ఉండేది. కెతూరా నిలబడితే నెత్తి వెళ్ళి కప్పుకి తగిలేది. తగలగానే మట్టి రాలేది. రాలిన మట్టి ముందు వరసలో కూర్చున్న సంఘపెద్ద సాదోక్ ప్రూయెట్ బట్టతల మీద పడేది.

“సిస్టర్ విటిల్ లేచినట్టున్నారు,” అనేవాడాయన కళ్ళు తెరవకుండానే, నెత్తి దులుపుకుంటూ.

ఉపవాసం నాడు నవ్వకూడదు. అయినా అందరూ నవ్వేవాళ్ళు.

పొడుగుకి తగ్గట్టే పాదాలు. ఆడవాళ్ళ జోళ్ళేవీ ఆమెకి పట్టవు కనక మొగుడి పాత బూట్లు తొడుక్కునేది. అవీ బొటనవేలి దగ్గర బిగుతే. వాగొడ్డు ఇసకలో ఆ అడుగులు చూసి, ఎవడో భారీ మనిషి పొదల్లో దాక్కున్నాడని సంఘంలో ఒకసారి తుపాకులు కూడా తీశారు. తీరా చూస్తే కెతూరా బట్టలుతుకుతోంది.

ఇంగ్లండులో కుండలూ కప్పులూ చేసే ఊళ్ళో పుట్టిందామె. పెళ్ళికి ముందు ఆమె పని కప్పులకి చెవులతికించడం. మొగుడు ఓబెద్ రేకుపని చేసేవాడు. ఒక వానలో తడుస్తూ బోధకుడి మాట విన్నాడు, మతం పుచ్చుకున్నాడు, తల్లినీ పెళ్ళాన్నీ వెంటేసుకుని సీయోనుకి బయల్దేరాడు. సీయోను, అంటే వాళ్ళ పుణ్యనగరం, అమెరికాలో పడమటి కొండలకి అవతల ఎక్కడో ఉంది. లూప్ నది దగ్గరికొచ్చేసరికి ఎద్దులు కూలబడ్డాయి. “మీరిక్కడే ఆగి, వెనకాల వచ్చే పరిశుద్ధుల కోసం పంట వెయ్యండి,” అన్నారు పెద్దలు. ఆ మతంలో చేరిన ప్రతివాడి పేరూ పరిశుద్ధుడే. పంట వెయ్యాల్సిన ఈ పరిశుద్ధుడికి అంతవరకూ గరాటాలు చెయ్యడం తప్ప మరొకటి తెలీదు.

ఓబెద్‌కి తెలిసిన రెండో విద్య కలలు కనడం. ఉప్పుమాంసం తిని పడుకుంటే ప్రవక్తలొచ్చేవాళ్ళు. ఖాళీ కడుపుతో పడుకుంటే దేవదూతలే దిగేవాళ్ళు. ఆ ఏడు దేవదూతలు ఎక్కువగా దిగారు.

ఇక కెతూరా పాపం సంగతి. ఆమె టీ తాగేది.

వేడి పానీయాలు కూడవని వాళ్ళ కట్టడి. కెతూరా మతం మార్చుకుంది, దేశం మార్చుకుంది, టీ దగ్గర మాత్రం ఆగిపోయింది. మూతి విరిగిన గోధుమరంగు టీకూజా ఒకటి పరుపులో చుట్టుకుని సముద్రం దాటించింది. దారిలో గుంపులుగా ఎగిరే మిడతలు పరుపు నూలంతా తిన్నాయి గాని కూజాకేం కాలేదు. గట్టులో తవ్వుకున్న తమ నేలయింట్లో, మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళ చూసి కాచుకునేది.

అత్తగారు తిర్జాకి చూపు మందం. ఆ లోటు దేవుడు ముక్కులో పూడ్చాడు. “ఏదో నానిన గడ్డి వాసనొస్తోందే, కోడలు పిల్లా?” అనేది లేస్తూనే.

“గడ్డింట్లో గడ్డి వాసన రాక ఏమొస్తుందత్తయ్యా?”

ఈ దొంగ టీకి ఒక తోడు కూడా దొరికింది కెతూరాకి. పౌనీ అనే అక్కడి ఆదివాసీ జాతి ముసలామె. సంఘంలో ఆవిణ్ణి దుప్పటి ముసల్ది అనేవాళ్ళు. కెతూరా మాత్రం ఆమె చెప్పినట్టే అతికా అని పిలిచేది. అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ.

మొదటిసారి అతికా వచ్చింది కూడా ఆ అడుగుల జాడ పట్టుకునే. ఇసకలో కెతూరా బూటు అచ్చులో తన చిన్న పాదం పెట్టి చూసుకుంది. ముందూ వెనకా ఇంకా బోలెడు చోటు మిగిలింది. బట్టలుతుకుతున్న కెతూరాని ఎగాదిగా చూసి, “ఇవి నీవా?” అని సైగ చేసింది. కెతూరా సిగ్గుపడి బూట్లు నీళ్ళలోకి లాక్కుంది. ముసలామె గట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. కెతూరాకీ నవ్వొచ్చింది. ఆ దేశం వచ్చాక తన కాళ్ళని చూసి తనతో కలిసి నవ్విన మొదటి మనిషి ఆమె. మిగతావాళ్ళంతా వేరుగా నవ్వేవాళ్ళు.

వాళ్ళ మాటలు చేతులతో, కనుబొమలతో, రెండు భాషల్లోంచీ ఏరుకున్న నాలుగు ముక్కలతో నడిచేవి. అయినా అన్నీ అర్థమయ్యేవి.

టీ మొదటి గుక్క అతికా ఉమ్మేసింది. బెల్లప్పాకం పోసిచ్చాక కూజా ఖాళీ చేసింది.

“మీ వాళ్ళు తాగరేం?”

“దేవుడు వద్దన్నాడు.”

“నీకు?”

“నాకూ వద్దనే అన్నాడు.”

అతికా మూతి తుడుచుకుని, “అయితే నువ్వు దొంగవి,” అంది మురిపెంగా.

“ఆఁ, దొంగనే,” అంది కెతూరా ఇంకో కప్పు పోస్తూ.

అతికా జనం అప్పటికి దిగువన పెద్ద నది పక్కన ఉంటున్నారు. ఈ వాగు వంపులో వాళ్ళ పాత ఊరుండేది. వాళ్ళ పగవాళ్ళు సూ జాతివాళ్ళు తగలబెట్టాక అక్కడ మట్టి మిద్దెలు కూలి దిబ్బలై గడ్డి మొలిచింది. అందరూ వెళ్ళిపోయినా అతికా ఒక్కతే ఏటేటా వచ్చి తన తల్లి చేని చెక్కలో మొక్కజొన్న వేసుకునేది, దున్న భుజపుటెముకతో చేసిన పారతో. వాళ్ళలో చేను ఆడదానిది, పంట ఆడదానిది, విత్తనం ఆడదానిది. మగాడికి అందులో మాటుండదు. అతికా కంకులు నీలంగా ఉండి, వాటి మీద పిట్టగుడ్డు మీదలాగా తెల్లచుక్కలుండేవి.

“ఇవి మా అమ్మవి. వాళ్ళమ్మవి. ఇంకే ఇంట్లోనూ లేవు,” అనేది.

ఆకులు రాలే కాలంలో పౌనీలు అడవిదున్నల వేటకి పోతారు. ముసలీ ముతకా అంతా వెళ్ళాల్సిందే. వెళ్ళేముందు అతికా కెతూరాని చెయ్యి పట్టుకుని దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళింది. చుట్టూ ఎవరూ లేరని చూసి, కాలితో నేల తట్టింది. డొల్లగా మోగింది. పాతర. మెడ ఇరుకు, కడుపు వెడల్పు. అప్పటికే లోపల గోడల వెంబడి గడ్డి పరిచి, మధ్యలో వొలిచిన గింజలు పోసి, కంకుల్ని తొక్కలతో జడల్లాగా అల్లి చుట్టూ నిలబెట్టింది. పైన మట్టీ బూడిదా కప్పి గడ్డి నాటింది.

“గింజలు తినడానికి. జడలు తినడానికి కాదు. జడలు విత్తనం,” అంది. “మీ ఎద్దులు తెలివితక్కువవి. ఇక్కడ మేస్తే కాలు దిగబడుతుంది. నీళ్ళు దిగితే అంతా కుళ్ళిపోతుంది.”

ఇద్దరూ కలిసి అడవి ప్లమ్ ముళ్ళకంప తెచ్చి పాతర చుట్టూ వేశారు. ఎవరికైనా అది దానంతటది పెరిగిన పొదలాగే కనపడుతుంది.

“జడలు పోతే ఏమవుతుంది?” అనడిగింది కెతూరా.

“ఏమవుతుంది? మా అమ్మ రెండోసారి చస్తుంది.” అతికా కెతూరా అరచేతిని తీసి కెతూరా గుండెల మీదే పెట్టింది. “చూస్తూ ఉంటావా?”

“చూస్తూ ఉంటాను,” అంది కెతూరా. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

చలికాలం వచ్చింది. ఆ మైదానంలో పొయ్యిలోకి పిడకలే. మంచు పడి అవి తడిశాయి. తడి పిడక రాజేస్తే ఇల్లంతా పొగ. ఆ పొగకి అత్తగారు దగ్గుతూ లేచేది. అత్తగారు లేస్తే టీ లేదు. కెతూరా కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒక మధ్యాహ్నం వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఎండిన ప్లమ్ కంప పొగ రాకుండా మండుతుందని గుర్తొచ్చింది. పాతర దగ్గరికెళ్ళి ఒక్క కొమ్మ తెచ్చుకుంది. ఒక కొమ్మ పోతే కంచెకేమవుతుంది? ఏమీ కాలేదు. అందుకని మర్నాడు ఇంకోటి తెచ్చుకుంది. అవతలి వారానికి, ఎలాగూ సగం పోయింది కదా అని, మంట కాస్త పెద్దదే వేసుకుంది.

కంప అయిపోయిన కొద్దిరోజులకి ఓబెద్ ఎద్దు డ్యూక్ మంచులోంచి గడ్డి వెతుక్కుంటూ దిబ్బల వేపు పోయి, ముందుకాలు తొడదాకా భూమిలో దిగబడి, దిక్కులదిరేలా అరిచింది. ఓబెద్ పరిగెత్తాడు. ఎద్దు కాలు పైకి లాగేసరికి, కాలితో పాటు నీలం గింజలు బయటికి ఒలికాయి.

ఆ పూట ఓబెద్ మోకాళ్ళ మీదే ఇంటికొచ్చాడని తిర్జా ముసలమ్మ చచ్చేదాకా చెప్పుకుంది. నిజానికి జారిపడ్డాడు.

మర్నాడు ఉపవాస కూడిక. సంఘమంతా అప్పటికే నెల్లాళ్ళుగా ఉపవాసమున్నట్టుంది, కనక కొత్తగా ఉండడానికేం లేదు. ఓబెద్ లేచాడు. “మొన్న రాత్రి దేవదూత నాతో అన్నాడు, బ్రదర్స్, ‘నీ ఎద్దు వెళ్ళే చోటికి వెళ్ళు’ అని. వెళ్ళాను. భూమి నోరు తెరిచింది. చూస్తే ధాన్యం!”

“కరువు నాటి యోసేపు గిడ్డంగి!” అని అరిచాడు సాదోక్ ప్రూయెట్. ఆడవాళ్ళు ఏడ్చారు. పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేదాకా ఆగలేని వాళ్ళు గోతాలు పట్టుకుని బయటికి ఉరికారు.

కెతూరా నోరు తెరిచింది. తెరిచి, మొగుడి చొక్కా లాగింది. “ఏమయ్యా, అది ఎవరో దాచుకున్నదై ఉండదూ?”

“ఎవరు?”

“ఎవరో... ఈ చుట్టుపక్కల వాళ్ళెవరైనా.”

సాదోక్ విన్నాడు. మంచిమనిషే ఆయన, చిరునవ్వుతోనే అన్నాడు: “సిస్టర్, అరణ్యంలో ఆకలిగొన్నవాళ్ళకి ఆకాశంలోంచి మన్నా కురిసినప్పుడు ఇది ఎవరు దాచుకున్నారని అడిగారా ఇశ్రాయేలీయులు?”

“అడగలేదు.”

“అడిగుంటే ఆకలితో చచ్చేవాళ్ళు.”

అందరూ నవ్వారు. ఎవరిదో చెప్పాలంటే తనకెలా తెలుసో చెప్పాలి. కంప సంగతి చెప్పాలి. కంప ఎందుకు తీసిందో చెప్పాలి. మొగుడికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఊరంతా దండాలు పెడుతోంది. కెతూరా నోరు మూసుకుని తనూ ఒక గోతం తీసుకుంది. పాతరలోకి ఎవరు దిగగలరంటే, అడుగుదాకా చేతులందేది ఆమె ఒక్కతికే. ఆమెనే దింపారు. గింజలన్నీ ఎత్తిచ్చింది, జడలన్నీ ఎత్తిచ్చింది. చివరి జడ ఒకటి మాత్రం లంగా కింద దోపుకుంది, అతికాకి తిరిగివ్వడానికి.

“ఈ చుక్కల రకం మన పసుపు మొక్కజొన్నతో కలవకూడదు. విత్తనం బళ్ళ మీద వస్తుంది. ఇది దేవుడు తినడానికిచ్చాడు, తినండి,” అన్నాడు సాదోక్. తిన్నారు.

ఆ రోజుల్లోనే ఇంటింటికీ తిరిగి పరిశుద్ధుల్ని ప్రశ్నలడిగే ఆనవాయితీ వచ్చింది. ఉన్న పాపాలు ఒప్పించి, మళ్ళీ బాప్తిస్మమిచ్చి కొత్తగా మొదలుపెట్టించాలని. సాదోక్ విటిల్ వాళ్ళ నేలయింటికొచ్చి కూర్చున్నాడు. ప్రశ్నలన్నీ ఆయనకి నోటికొచ్చు.

“పరుల సొత్తు యజమాని అనుమతి లేకుండా తీసుకున్నారా?”

“లేదు బ్రదర్,” అన్నాడు ఓబెద్.

“అపచారం” అన్నట్టు చెవులు మూసుకుంది తిర్జా.

“సిస్టర్ విటిల్?”

“పరుల సొత్తంటే... దేవుడిచ్చింది కాకుండానా?”

“దేవుడిచ్చింది పరులదెలా అవుతుంది?”

“అవదు.”

“అవదు కదా. సరే. వారానికోసారి ఒళ్ళంతా కడుక్కుంటున్నారా?”

ఓబెద్ కప్పు వేపు చూశాడు. తిర్జా దుప్పటి మెడదాకా లాక్కుంది. వాగు గడ్డకట్టి ఎన్నాళ్ళయిందో అందరికీ తెలుసు. ఆ ప్రశ్న తన మీదికి రాకుండా ముసలమ్మ గబుక్కున అందుకుంది: “మా కోడలు టీ తాగుతుంది బ్రదర్! నే పడుకున్నాననుకుని కాచుకుంటుంది. నాకు కళ్ళు లేవు గాని ముక్కుంది.”

ఏ గొంతుకయితే ఇందాక పెగల్లేదో అదే గొంతుకతో కెతూరా ఠపీమని, “తాగాను,” అంది. అనేశాక ఎంత హాయిగా ఉందో! ఏదో ఒకటి ఒప్పుకున్నట్టయింది.

ఆదివారం గొడ్డలితో వాగు మీద మంచు పగలగొట్టారు. ఊరంతా గట్టు మీద నిలబడింది. బాప్తిస్మంలో ఒంట్లో ఏ భాగమూ నీటిపైకి తేలకూడదు. ఒక్క వేలు తేలినా చెల్లదు, మళ్ళీ ముంచాలి. వాగులో నీళ్ళు మోకాలెత్తు. మనిషి చూస్తే తాడిచెట్టు. తల ముంచితే కాళ్ళు తేలాయి.

“చెల్లలేదు! కాళ్ళు!” అని గట్టు మీంచి ఎవరో అరిచారు.

సాదోక్ మళ్ళీ ప్రార్థన చెప్పి మళ్ళీ ముంచాడు. బూటు ముక్కులు రెండూ నీళ్ళమీద తాబేళ్ళ తలల్లాగా లేచాయి.

“బూటు లెక్కలోకొస్తుందా బ్రదర్?”

“లోపల కాలుంది కదయ్యా!”

బూట్లు విప్పించారు. మంచు నీళ్ళలో ఆ ఎర్రటి పాదాలు చూసి పిల్లలు కేకలేశారు. చివరికి మొగుడినే రమ్మని ఆమె పాదాల మీద నిలబెట్టి ముంచారు. ఈసారి చెల్లింది. పెదాలు నల్లబడి, పళ్ళు టకటకలాడుతూ పైకొచ్చిన కెతూరాని దుప్పట్లో చుట్టి వేడి వేడి జావ పట్టారు. నీలం జావ. టీ పొడి వాగులో కలిపేశారు. కూజా మాత్రం పుల్లటి రసం పోసుకోవడానికి పనికొస్తుందని తిర్జా ఉంచుకోమంది.

టీ పోయాక కెతూరాకి మధ్యాహ్నాలు గడిచేవి కావు. నోరు పీకేది. పరుపు కింద, చీకట్లో, ఆ జడ ఉంది. ఒక రోజు చెయ్యి పెట్టి తడిమింది, ఉందో లేదోనని. ఉంది. ఒక గింజ ఊడొచ్చింది. ఊడిన గింజని తిరిగి అతికించలేం కదా, నోట్లో వేసుకుంది. గట్టిగా, తియ్యగా, పొయ్యి బూడిద వాసనతో ఉంది. కంకికి బోలెడు గింజలు. జడకి బోలెడు కంకులు. వచ్చేటప్పటికి అతికాకి విత్తనానికి చాలినన్ని ఉంటాయి. ప్రతి మధ్యాహ్నం అలాగే అనుకునేది, అనుకుంటూ నమిలేది. జడని మాత్రం ఏనాడూ వెలుగులోకి తీసి చూడలేదు.

మంచు కరిగింది. ఉపవాస కూడిక జరుగుతుండగా మందిరం గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. అతికా. సగానికి సగమైపోయింది. జుట్టు కత్తిరించుకుంది. వేటలో సూ వాళ్ళు మీదపడి కొడుకుని చంపేశారని తర్వాత తెలిసింది. ఆమె ఎవర్నీ చూడలేదు. కెతూరానే చూస్తూ ఏదో అంది.

“సిస్టర్ విటిల్, మీకు వాళ్ళ మాట వచ్చటగా,” అన్నాడు సాదోక్. “ఏమంటోంది పాపం?”

అతికా అన్నది ఇది: “నా పాతర ఖాళీ. అడుగున బురదలో అడుగులున్నాయి. అలాంటి అడుగులు ఈ భూమ్మీద ఒక్కరివే. జడలెక్కడ?”

కెతూరా లేచింది. నెత్తి కప్పుకి కొట్టుకుంది. సాదోక్ బట్టతల మీద మట్టి రాలింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మందిరంలో అతికా భాష తెలిసింది ఆమె ఒక్కతికే. పక్కన ఓబెద్ మొహం పైకెత్తి చూస్తున్నాడు, ఆ మధ్యే దండాలందుకున్న మొహం.

“ఆకలిగా ఉందట,” అంది కెతూరా. “ఏమైనా పెట్టమంటోంది.”

అయ్యో అన్నారంతా. వాళ్ళ గ్రంథంలో ఈ జాతులు కూడా ఇశ్రాయేలు తప్పిపోయిన పిల్లలే. సాదోక్ కళ్ళు చెమ్మగిల్లాయి. “మన సోదరి. మన దగ్గర ఉన్నదాంట్లోనే పెడదాం,” అన్నాడు. గిన్నె నిండా నీలం జావ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టారు. పెట్టి, దానం మీద ఒక పాట పాడారు.

అతికా గిన్నెలోకి చూసింది. పాట అయిపోయేదాకా చూస్తూనే ఉంది.

“తినదేం?” అంది తిర్జా గట్టిగానే. “అడుక్కునేదానికి అంత పొగరేమిటే?”

అతికా గిన్నె గుమ్మంలో కింద పెట్టి వెళ్ళిపోయింది. కెతూరా వెనకాలే పరిగెత్తింది. నేలయింటి ముందు అందుకుంది.

“ఒకటి దాచాను,” అంది రొప్పుతూ. “నీ కోసమే. ఒక జడ.”

ముసలామె మొహంలో ఏదో కదిలింది. కెతూరా లోపలికి దూరి, పరుపు కిందనించి జడ లాగి, గుమ్మంలోకి, ఎండలోకి తెచ్చింది. తెచ్చాక తనూ చూసింది. తొక్కల అల్లిక చెక్కుచెదరలేదు. కంకులన్నీ బోడి బెండ్లు. ఎక్కడో కొసల్లో మూడో నాలుగో తాలు గింజలు, విత్తితే మొలవనివి.

అతికా ఒక్కొక్క బెండునీ బొటనవేలితో ఈ చివర్నించి ఆ చివరిదాకా నిమిరింది. అన్నీ నిమిరాక తలెత్తింది.

“రుచిగా ఉన్నాయా?”

వెక్కిరింత కాదు. నిజంగానే అడిగింది.

“ఉన్నాయి,” అంది కెతూరా.

“ఉంటాయి. మా అమ్మవి.”

జడని గుమ్మంలో వదిలేసి వాగు వెంబడే నడిచి వెళ్ళింది. ఆ సాయంత్రం తిర్జా బెండ్లని పొయ్యిలో పెట్టింది. భలే మండుతున్నాయంది.

ఆ తర్వాతి ఏడు గడిచి మళ్ళీ పంట చేతికొచ్చే వేళకి సర్కారు నించి ఉత్తర్వొచ్చింది. ఈ నేల ఒప్పందంలో పౌనీలకి రాసిచ్చేశాం, మీరంతా లేచిపోండి అని. పసుపు కంకులు చేలో నిలబడే ఉన్నాయి. సాదోక్ ప్రూయెట్ కంచె కర్ర పట్టుకుని, ఆయన అరవగా ఎవరూ విననంత గట్టిగా అరిచాడు: “మనం దున్నాం! మనం దాచుకున్నాం! ఇంకెవరో వచ్చి తినడమా? దీన్నేమంటారు? చెప్పండి, ఏమంటారు దీన్ని?”

కెతూరాకి తెలుసు. పక్కనే నిలబడి బండికి మూటలెత్తుతోంది.

బళ్ళు కదిలే రోజుకి పౌనీలు వచ్చేశారు. సర్కారు మనిషీ, ఆయన వెంట రెండు భాషలూ తెలిసిన దుబాసీ వచ్చారు. చేను గట్టు మీద అతికా కూర్చునుంది, పక్కన మనవరాలు. కెతూరా పరుపులోంచి కూజా తీసింది. కడిగింది. అందరూ చూస్తుండగా చేనుకి అడ్డంబడి నడిచెళ్ళి, ఆ మూతి విరిగిన కూజాని రెండు చేతులతో చాచింది. ఏ భాషలో ఏమనాలో తెలీలేదు.

అతికా ముందు ఆ బూట్ల వేపు చూసింది. తర్వాత పైకి, చాలా పైకి, ఆమె మొహంలోకి చూసింది.

“ఎవరమ్మా ఈమె? నీకు తెలుసా?” అనడిగాడు దుబాసీ ఆమె భాషలోనే.

అతికా చెప్పిన జవాబు అతను తిప్పి చెప్పక ముందే కెతూరాకి అర్థమైంది. అయినా అతను తన పని తను చేశాడు. బళ్ళ మీదున్న వాళ్ళందరికీ వినపడేలా గొంతెత్తాడు.

“ఎవరో తెలీదట. ఆకలిగా ఉన్నట్టుంది, ఏమైనా పెట్టమంటోంది.”

మనవరాలు చేలోంచి ఒక పసుపు కంకి విరిచి తెచ్చింది. కూజా ఎవరూ అందుకోలేదు కనక, కెతూరా ఒక చెయ్యి ఖాళీ చేసుకుని కంకి పుచ్చుకుంది. అంతమంది చూస్తుంటే పుచ్చుకోక ఏం చేస్తుంది?

“చూశారా! ప్రభువు వాళ్ళ మనసులెలా మెత్తబరిచాడో!” అని ఓబెద్ బండి మీదే లేచి నిలబడ్డాడు.

“కూజా ఇచ్చేసి రమ్మన్నామా, కంకి అడుక్కుని రమ్మన్నామా?” అంది తిర్జా.

కెతూరా రెంటినీ ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది.

సీయోను చేరాక విటిల్ వాళ్ళు బాగానే బతికారు. అక్కడ రేకుపనికి గిరాకీ ఉంది. ఓబెద్ ఎద్దు కాలి సాక్ష్యం ముసలితనం దాకా చెప్పాడు. చెప్పిన కొద్దీ పాతర పెద్దదైంది, దేవదూతలు ఇద్దరయ్యారు. కెతూరాని వాళ్ళ వీధిలో టీ నానమ్మ అనేవాళ్ళు. నెలనెలా ఉపవాస కూడికలో మొట్టమొదట లేచేది ఆవిడే. “అన్నలారా, ఒకప్పుడు నేను దొంగతనంగా టీ తాగాను,” అని మొదలెట్టేది, కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. పాదాల కథ చెప్పమని కుర్రకారు అడిగితే, మొగుణ్ణి కాళ్ళ మీద నిలబెట్టి ముంచడం కూడా చెప్పేది. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. ఎప్పుడో మాఫీ అయిపోయిన ఆ కప్పుడు టీకి ఇంత ఏడుపేమిటని కొత్తగా వచ్చిన పెద్ద ఒకాయన ముచ్చటపడి, అంత సున్నితమైన మనస్సాక్షి ఈ సంఘంలోనే లేదన్నాడు.

ఆ మందిరం కప్పు చాలా ఎత్తు. నాలుగు కెతూరాలు ఒకరి మీద ఒకరు నిలబడినా తగలదు. అయినా ఆవిడ ఎప్పుడూ మెడ వంచుకుని, నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టుకునే లేచేది.